బాపు చూడని ఎపిసోడ్లు

శాంతిస్వరూప్ గారు పోయారని 2024 ఏప్రిల్‌లో ఫోన్‌లో చూశాను. స్టాఫ్‌రూమ్‌లో ఉన్న చిన్న వయసు టీచర్లకు ఆ పేరే తెలియదు. "తెలుగులో మొట్టమొదట టీవీ వార్తలు చదివినాయన" అంటే, "ఓహో, అవునా మేడం" అని మళ్లీ పేపర్లు దిద్దుకోవడంలో పడ్డారు. వాళ్లను అనడానికేమీ లేదు. 1983లో దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలైనప్పుడు వాళ్లు పుట్టనేలేదు. ఎదురుగా అక్షరాలు నడిచే ప్రాంప్టర్ లేని రోజుల్లో ఆయన వార్తలను బట్టీ పట్టి, తలెత్తి మన మొహంలోకి చూస్తూ చెప్పేవారట. ఆ సంగతి నాకూ చాలా కాలం తర్వాతే తెలిసింది. మాకు తెలిసిందల్లా ఆయన మనల్నే చూసి మాట్లాడుతున్నారని.

మా బాపమ్మ, అంటే నాయనమ్మ అయితే ఆయన కనబడగానే కొంగు తల మీదికి లాక్కునేది. ఆయన "నమస్కారం" అంటే తనూ చేతులు జోడించేది. "ఆయనకు నువ్వు కనబడవు బాపమ్మా" అని మేం నవ్వితే, "నాకు ఆయన కనబడుతుండు గద, మర్యాద ఉండొద్దా?" అనేది. ఆ మాటకు మా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఇంటికొచ్చాక రాత్రి చాలాసేపు అవే గుర్తుకొచ్చాయి. గుర్తొచ్చిన వరసలోనే రాస్తున్నాను.

* * *

మాది కాజీపేట. రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు, ముందు వరండా, వెనక జామచెట్టు. బాపు, అంటే మా నాన్న, గూడ్స్ బండి డ్రైవరు. బొగ్గింజన్ల మీద ఫైర్‌మన్‌గా మొదలుపెట్టి తర్వాత డీజిల్ మీదికి మారాడు. మా వరసలో ఒక తమిళ కుటుంబం, నాగపూర్ నుంచి వచ్చినవాళ్లు, దర్గా దగ్గర చుట్టాలున్న ఒక ముస్లిం గార్డు, ఫాతిమానగర్ చర్చికి పోయే ఇంకో ఇల్లు ఉండేవి. ఏ ఇంట్లో ఏం వండుతున్నారో వాసనతోనే తెలిసిపోయేది. ఏ కూత ఏ ఇంజన్‌దో మా తమ్ముడు కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ఎండాకాలం రాత్రులు అందరి మంచాలూ ఆరుబయటే. బాపమ్మ ఐలోని మల్లన్న జాతరలో రాత్రంతా కూర్చొని ఒగ్గుకథ విన్న మనిషి. అక్కడ విన్నదంతా మాకు ముక్కలు ముక్కలుగా చెప్పేది. డోలు దెబ్బ నోటితోనే వేసేది. మేం "ఊ" కొట్టాలి. ఊ ఆగిపోతే కథా ఆగిపోయేది. ఎవరు ముందు నిద్రపోయారో తెల్లారి పంచాయితీ పెట్టుకునేవాళ్లం, వాళ్ల వల్లే కథ ఆగింది కాబట్టి.

అలాంటి ఇంట్లోకి టీవీ ఒక్కసారిగా రాలేదు. ముందు ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ అంటే కాలేజీ అనుకునేరు, రైల్వే వాళ్ల క్లబ్బు. అక్కడ చెక్క తలుపులున్న పెట్టెలో టీవీ, ఆ తలుపులకు తాళం, తాళంచెవి ఒక బాబాయి దగ్గర. ఆయన భోంచేసి, కిళ్లీ వేసుకుని, తీరిగ్గా నడిచి వచ్చేదాకా మేమంతా మూసి ఉన్న ఆ చెక్క పెట్టెనే చూస్తూ కూర్చునేవాళ్లం. ముందు వరస కుర్చీలు పెద్దోళ్లవి. వెనక బెంచీలు వాళ్ల ఇండ్ల ఆడవాళ్లవి. పిల్లలం కింద, సిమెంటు నేల మీద.

తర్వాత గార్డు అంకుల్ ఇంట్లోకి వచ్చింది. మా వరసలోనే. 1987 జనవరిలో రామాయణం సీరియల్ మొదలైనప్పుడు నేను ఆ ఇంటి కిటికీ దగ్గరే చూశాను. లోపల జాగా ఉండేది, లేక కాదు. కానీ లోపలికి ఎవరిని రమ్మనాలి, ఎవరిని కిటికీ దగ్గర ఉండనివ్వాలి అన్నది ఆ ఇంటి ఆంటీ చూపుతోనే తేలిపోయేది. ఆమె చెడ్డ మనిషేం కాదు. పండక్కి మాకు సేమియా పంపేది. కానీ పదిహేను మంది పిల్లలు బురద కాళ్లతో వస్తే ఎవరైనా ఎంతకని తుడుస్తారు? అప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడైతే ఆమెవైపే మాట్లాడాలనిపిస్తోంది.

"ఆ రోజుల్లో టీవీ అందర్నీ కలిపేది" అని ఎవరైనా అంటే నాకు ఆ కిటికీ చువ్వలు గుర్తొస్తాయి. కలిపింది నిజమే. ఎవరి జాగా ఎక్కడో చూపించింది కూడా.

* * *

ఆ ఏడు దసరాకు ముందు బాపుకు బోనస్ వచ్చింది. దానికి సొసైటీ లోన్ కొంత కలిపి ఈసీ టీవీ కొన్నాడు. హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన బ్లాక్ అండ్ వైట్ సెట్టు. అంతకు కొన్నేళ్ల ముందైతే రేడియోలాగే టీవీకీ లైసెన్సు ఉండేది, పోస్టాఫీసుకు పోయి ఏటా డబ్బు కట్టాలి. మేం కొనేసరికి ఆ బాధ తీరిపోయింది. స్టెబిలైజర్ మాత్రం తప్పదన్నారు. టీవీ కంటే స్టెబిలైజరే ఎక్కువ చప్పుడు చేసేది. అమ్మ టీవీకి ఒక గుడ్డ కుట్టింది, అంచులకు లేసు పెట్టి మరీ. మా ఇద్దరికీ కుట్టిన బట్టలకు కూడా అంత లేసు లేదు.

యాంటెన్నా తిప్పడం, "వచ్చిందా?", "పోయింది!" అన్న కేకలు, తెర మీద చుక్కలు, "అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న అట్ట, ఇవన్నీ అందరి ఇండ్లలోనివే. మళ్లీ చెప్పను. నాగపూర్ వాళ్లు తెరకు నీలం, నారింజ, ఆకుపచ్చ చారల ప్లాస్టిక్ కాగితం అంటించి "మాది కలర్ టీవీ" అనేవాళ్లు. వార్తలు చదివేవాళ్ల నుదురు నీలంగా, గడ్డం పచ్చగా కనబడేది. వాళ్లకు అది బాగానే ఉండేది.

మా ఇంటికి మాత్రమే ఉన్న చిక్కు వేరు. బాపు నైట్ డ్యూటీ చేసొస్తే పగలంతా పడుకోవాలి. క్వార్టరులో టీవీ గది, పడక గది వేరుగా ఉండవు. కాబట్టి మేం చాలా కార్యక్రమాలు సౌండ్ లేకుండానే చూశాం. క్రికెట్ అలాగే చూశాం. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి కూడా ఒక్కోసారి మూగగానే నడిచేది. పాట తెలిసినదైతే అక్కాతమ్ముళ్లం గొణుగుతూ పాడుకునేవాళ్లం, పెదవులకు సరిపోయేలాగ. తెలియని పాటకు తమ్ముడు సొంతంగా మాటలు కట్టేవాడు. వాటిలో కొన్ని ఇక్కడ రాయలేను.

ఆదివారం పొద్దున మాత్రం ఎవరూ ఆగేవాళ్లు కాదు. బాపు ఇంట్లో ఉంటే ఆయనే లేచి కూర్చునేవాడు. రామాయణం అయిపోయి, 1988 అక్టోబరు నుంచి మహాభారతం మొదలయ్యాక మా ఇంటి కిటికీ దగ్గర కూడా పిల్లలు నిలబడ్డారు. అమ్మ వాళ్లను లోపలికి పిలిచేది. ఇల్లు తుడిచేటప్పుడు తిట్టుకునేది.

డ్రైవర్లను డ్యూటీకి పిలవడానికి ఇంటికొక మనిషి వచ్చేవాడు. కాల్ బాయ్ అనేవాళ్లం గానీ, ఆయనకు ముగ్గురు మనవలు. సైకిల్ మీద రిజిస్టర్ పట్టుకుని వచ్చి, ఏ బండికి ఎన్నింటికి పోవాలో చెప్పి సంతకం పెట్టించుకోవాలి. ఆదివారం పొద్దున మా ఇంటికొస్తే మాత్రం రిజిస్టర్ వెంటనే తెరిచేవాడు కాదు. చెప్పులు విడిచి, తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. బాపు "ఎన్నింటికి?" అంటే, "ఉండు సారూ, ద్రౌపది ఏదో అంటుంది" అనేవాడు. ఇంకా నలుగురి ఇండ్లకు పోవాల్సిన మనిషి. ఆ నలుగురి ఇండ్లలోనూ అదే పని చేసి ఉంటాడని ఇప్పుడు అనుమానం.

బాపు మాత్రం టైముకు లేచేవాడు. యుద్ధం మొదలవబోతున్నా సరే, డ్యూటీ సామాన్ల లైన్ బాక్సు సర్దుకుని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని, తెరవైపు ఒకసారి చూసి, "చూసి చెప్పు బిడ్డా" అని నాతో అని వెళ్లిపోయేవాడు.

* * *

ఆ మాటను నేను చాలా గట్టిగా పట్టుకున్నాను.

బల్హార్షా పోయినా, డోర్నకల్, విజయవాడ పోయినా, అక్కడ డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్‌లో పడుకుని తిరిగొచ్చేసరికి ఎప్పుడవుతుందో చెప్పలేం. అర్ధరాత్రి గేటు చప్పుడయ్యేది. అమ్మ లేచి నీళ్లు కాచేది. బాపు స్నానం చేసి కంచం ముందు కూర్చునేసరికి నేను కూడా లేచి ఎదురుగా కూర్చునేదాన్ని. "ఏమాయెనే భీష్ముడు?" అనేవాడు. ఇక నేను మొదలుపెట్టేదాన్ని. ఎవరెట్లా నిలబడ్డారు, ఎవరి కిరీటం పెద్దది, శకుని ఒక కాలు ఎట్లా ఈడ్చాడు, అన్నీ చేసి చూపించేదాన్ని. హిందీ మాటలు హిందీలోనే అప్పజెప్పేదాన్ని. నాకు ఆ హిందీ బడిలో వచ్చింది కాదు. "పితాశ్రీ, అన్నం కలపండి" అంటే ఆయనకు పొలమారేది.

కరెంటు పోయిన ఆదివారాలూ ఉండేవి. అప్పుడు సగం వరకే చూసినదాన్ని కదా, మిగతా సగం నేనే అల్లేదాన్ని. బాపు చిన్నప్పుడు ఊళ్లో బాగోతాలు చూసి పెరిగినవాడు. నా భారతం ఎక్కడ దారి తప్పిందో వెంటనే తెలిసిపోయేది. "అట్ల గాదు గదనే" అనేవాడు. "టీవీల గట్లనే చూపెట్టిండ్రు" అని నేను. "అయితే వాళ్లకే తెల్వదు" అని ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. అల్లానని ఆయనకు తెలుసు. ఆపమని ఎప్పుడూ అనలేదు.

మా బాపు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇంజను చప్పుడులో బతికేవాళ్లు ఇంట్లో మాటలు తగ్గిస్తారని అమ్మ అనేది. బడి గురించి ఆయన నన్ను అడిగింది తక్కువ, నేను చెప్పింది ఇంకా తక్కువ. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నది దాదాపు అంతా ఆ తొంభై నాలుగు ఎపిసోడ్ల గురించే. అందులో ఆయన చూసినవి సగం కూడా ఉండవు. ఆయన ప్రతి ఆదివారం ఇంట్లోనే ఉండి ఉంటే మాకు ఆ మాటలు కూడా ఉండేవి కావు.

ఈ ముచ్చట కింద ఇంకొకటి కూడా రాయాలి. చీపురు పుల్లలతో, వెదురు బద్దలతో బాణాలు చేసి పిల్లలంతా యుద్ధాలు ఆడే కాలం అది. మా వెనక వరసలో ఒక పిల్లవాడికి పుల్ల కంటికి తగిలింది. వాళ్ల నాన్న ఎత్తుకుని వరంగల్ ఆస్పత్రికి పరుగెత్తాడు. చూపు దక్కింది గానీ రెప్ప మీద గాటు ఉండిపోయింది. ఆ సాయంత్రం కాలనీలో ప్రతి ఇంటి వెనకా బాణాలు పొయ్యిలోకి పోయాయి. మరుసటి ఆదివారం మాత్రం టీవీలు మామూలుగానే నడిచాయి.

* * *

అప్పటి టీవీ రాత్రయ్యేసరికి పడుకునేది. అది మా అమ్మానాన్నల క్రమశిక్షణ కాదు, దూరదర్శన్‌ది. మా తరం వాళ్లు ఇప్పటి పిల్లలతో "మేం మీలాగ గంటల కొద్దీ చూశామా?" అని గొప్పలు పోతుంటారు. చూపించి ఉంటే చూసేవాళ్లం. ఉన్నది ఒక్క చానల్, అందులో సగం వ్యవసాయం, మిగతాదాంట్లో సగం ఢిల్లీ.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఒకే ఏడాదిలో రెండు. స్తంభం నుంచి స్తంభానికి, చెట్టు నుంచి చెట్టుకు నల్ల వైరు నడిచింది. డైలీ సీరియళ్లు మొదలయ్యాక సాయంత్రం వరండాలో బియ్యం ఏరుతూ కూర్చునే ఆడవాళ్లు లోపలికి పోయారు. లోపల కూడా ఏరారు, తెర చూస్తూ. అన్నంలో రాళ్లు ఎక్కువైన సంగతి బాపు రెండుసార్లు అన్నాడు, మూడోసారి అనలేదు. బాపమ్మకు మాత్రం సీరియల్ రుచించలేదు. "ఊ కొట్టనీయదు, ఏం కథ అది?" అనేది. ఆమె పోయేనాటికి మా ఇంట్లో ఆమె కథ వినేవాళ్లు ఎవరూ లేరు. ఆమెకు కళ్లు సరిగా కనబడక టీవీ ముందు కూర్చుని వినేది.

నా ఉద్యోగం ఆ కాలంలోనే మొదలైంది. పరకాల వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, వేపచెట్టు, ముగ్గురు టీచర్లం. ఆ ఊళ్లోకి కేబుల్ నా కళ్ల ముందే వచ్చింది. సోమవారం పొద్దున ప్రార్థన అవకముందే ఆదివారం చూసినదంతా ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. చూడని పిల్లలు చుట్టూ చేరి వినేవాళ్లు. నాకు ముచ్చటగా ఉండేది, నా పాత పని కదా. రెండేళ్లు తిరిగేసరికి ఆ గుంపులు మాయమయ్యాయి. అందరూ చూశారు, ఇంకెవరికి చెప్తారు?

1997లో శక్తిమాన్ వచ్చాక మా బడి గోడ మీది నుంచి ఒక నాలుగో తరగతి పిల్లవాడు చెయ్యి పైకెత్తి, గిరగిరా తిరుగుతూ దూకాడు. ముంజేయి విరిగింది. దేశంలో అక్కడక్కడా ఇలాంటివి జరుగుతున్నాయని పేపర్లలో కూడా వచ్చింది. ఆ సీరియల్ చివర్లో శక్తిమానే పిల్లలకు మంచి చెడ్డలు చెప్పేవాడు. మావాడు అది చూశాడా అని అడిగాను. "చూసిన మేడం. శక్తిమాన్ జెప్పిండు, దుంకొద్దని. కానీ ఆయన దుంకుతుండు గద" అన్నాడు, కట్టు కట్టిన చేత్తో. పిల్లలకు టీవీ ఏం నేర్పుతుందన్న దాని మీద తర్వాత ఎన్నో ట్రైనింగుల్లో కూర్చున్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

చేతులు విరగడం కంటే నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఇంకొకటి. ఆ రోజుల్లో తెర మీద మంచివాళ్లంతా ఒకలాగ మాట్లాడేవాళ్లు. మా ఊళ్ల మాట వినబడిందంటే ఆ మనిషి రౌడీ అయినా అయ్యుండాలి, నవ్వించేవాడైనా అయ్యుండాలి. ఒక తల్లి బిడ్డ కోసం బడికొచ్చి, గుమ్మం దగ్గర నిలబడి "మా పోరి ఎట్ల సదువుతుంది మేడం" అని అడుగుతుంటే, ఆ పిల్ల తల దించుకుని "అమ్మా, నువ్వు మాట్లాడకు" అంది. పదేళ్ల పిల్ల. ఆ సిగ్గు వాళ్లింట్లో పుట్టింది కాదు, మా పుస్తకాల్లో కొంత, ఆ తెర మీద కొంత. తర్వాత రోజుల్లో ఇదే మాటతో వార్తలు చదివే కార్యక్రమాలొచ్చాయి, జనం ఎగబడి చూశారు. ఆ పిల్ల అప్పటికే పెరిగి పెద్దదైపోయింది.

మంచీ లేకపోలేదు. సముద్రం ఎట్లా ఉంటుందని అడిగితే మొత్తం తరగతి చేతులెత్తేది. ఒక్కరూ సముద్రం చూసినవాళ్లు కాదు. అంతకు ముందు బ్యాచ్‌కు నేను భద్రకాళి చెరువు చూపించి, "దీనికి అవతలి ఒడ్డు లేదనుకోండి" అని చెప్పేదాన్ని.

* * *

మా ఇంట్లో టీవీ చరిత్రకు ఒక చీకటి యుగం ఉంది. అబ్బాయి ఇంటర్‌లో చేరిన రోజు కేబుల్ తీయించాం. హన్మకొండలో ఇది కొత్తేం కాదు. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఉన్న ప్రతి వీధిలో, పదో తరగతో ఇంటరో ఉన్న ఇంటికి కేబుల్ ఉండదు. చుట్టాలు రారు. పెళ్లిళ్లకు తల్లి ఒక్కతే పోయి, భోంచేసి వచ్చేస్తుంది. కేబుల్ అబ్బాయికి కూడా అలవాటే. "ఎంపీసీనా, బైపీసీనా మేడం?" అని వైరు చుట్టుకుంటూ అడిగాడు. రెండేళ్ల తర్వాత తనే ఫోన్ చేశాడు, రిజల్ట్ వచ్చిన రోజున.

ఆ రెండేళ్లు మా అత్తమ్మ సాయంత్రం ఏడింటికి గుళ్లోకి పోతున్నానని చెప్పి పక్కింటికి పోయేది. వాళ్లింట్లో పిల్ల పదో తరగతికి వచ్చాక, వాళ్లూ తీయించాక, ఇంకో వీధికి పోయేది. గుడి దూరమవుతోందని మా ఆయన అనేవాడు. అబ్బాయి మాత్రం ఆ నిశ్శబ్దంలో చదివింది ఎంతో, గది తలుపు వేసుకుని ఫోన్‌లో చూసింది ఎంతో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు.

బాపు రిటైరయ్యేసరికి ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా చానళ్లు వచ్చేశాయి. డ్యూటీలకు అలవాటు పడిన మనిషి. ఆ చానళ్లనే డ్యూటీ చేసుకున్నాడు. పొద్దున ఐదింటికి మొదలు. మేం పోతే "ఆఁ, వచ్చిండ్రా" అని తెరవైపే తిరిగి ఉండేవాడు. 2009 చివర్లో తెలంగాణ ఉద్యమం రోజుల్లో అయితే టీవీ ఆఫ్ చేసిన గుర్తే లేదు. కాకతీయ యూనివర్సిటీలో ఏం జరుగుతోందో, మూడు కిలోమీటర్ల దూరంలో ఉండి మేం టీవీలోనే చూశాం. డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఇస్తామన్న ప్రకటన వచ్చినప్పుడు బాపు లేచి నిలబడ్డాడు, ఒక్కడే, చెప్పులు లేకుండా వాకిట్లోకి పోయి అందర్నీ పిలిచాడు. ఆయన అంత గట్టిగా కేకేయడం నేను వినలేదు. అదే టీవీ ఆ నెలల్లో ప్రాణాలు తీసుకున్న పిల్లల దృశ్యాలను కూడా రోజంతా తిప్పి తిప్పి చూపించింది. మా అబ్బాయి అప్పుడు చిన్నవాడు. పక్కింటి పిల్లలతో లాఠీచార్జి ఆట ఆడేవాడు, ఒకడు పోలీసు, ఒకడు స్టూడెంటు. ఒకరోజు ఆ ఆటలో అగ్గిపెట్టె కనబడింది. అమ్మ టీవీ ప్లగ్ పీకి, రిమోట్ బియ్యం డబ్బాలో దాచింది. బాపు ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులు ఆకాశవాణి విన్నాడు.

* * *

ఇరవై ఏళ్లకు పైగా నేను తల్లిదండ్రుల మీటింగుల్లో చెప్పిన మాట ఒక్కటే, "టీవీ బందు చేయండి." ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా వినిపించాను. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలే వద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు రోజుకు గంట దాటనీయొద్దని. ఒకామె లేచి, "నేను పత్తి ఏరబోతే పోరన్ని ఎవలు పట్టుకుంటరు మేడం? మీరొస్తరా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మరేం చేస్తాను?

మరుసటి ఏడే కరోనా. 2020 సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు టీవీలో, దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీశాట్‌లో. టీచర్ల పని ఇల్లిల్లూ తిరిగి పిల్లలు చూస్తున్నారో లేదో రాసుకోవడం. మాస్కు కట్టుకుని, రిజిస్టర్ చంకలో పెట్టుకుని, వాకిట్లో నిలబడి నేను కేకేశాను: "టీవీ పెట్టండి! పాఠం టైమైంది, టీవీ పెట్టండి!" పత్తి ఏరే ఆమె ఇంటి ముందు కూడా కేకేశాను. ఆమె చేటలోంచి తల ఎత్తి చూసింది. పాపం, ఏమీ అనలేదు. ఆ చూపు చాలు.

ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు, మూడు తరగతులు, ఒక్క టీవీ. వాళ్ల తాత వార్తలు చూస్తున్నాడు. "అయినంక పెడత" అంటాడు, పాఠం అప్పటికి అయిపోతుంది. ఇంకో ఇంట్లో రీచార్జి లేదు. టీవీ లేని ఇండ్ల పిల్లలను దగ్గరి ఇంటికి పంపమన్నారు. అలా పంపిన ఒక పిల్లను వెతుక్కుంటూ పోతే, ఆ ఇంటి కిటికీ బయట నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నారట, కరోనా అని తనే పోలేదట. నిజమో కాదో నేను అడగలేదు. రిజిస్టర్‌లో "చూస్తున్నది" అని టిక్కు పెట్టాను. బోర్డు మీద రాసింది దూరానికి కనబడటం లేదంది. నేను లోపలి నుంచి చదివి చెప్పాను, ఆ పిల్ల బయట రాసుకుంది.

* * *

బాపు పోయి కొన్నేళ్లయింది. అమ్మ తమ్ముడి దగ్గర ఉంటుంది. సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా ఆమెకు సీరియళ్లు. ఆ టైములో ఎవరు పోయినా "కూసో" అని చేత్తోనే సైగ. ముందు నాకు కష్టంగా ఉండేది. తర్వాత యాడ్స్ వచ్చేటప్పుడు ఫోన్ చేయడం నేర్చుకున్నాను. గంటలో పన్నెండు నిమిషాలకు మించి యాడ్స్ ఉండొద్దని రూలుంది. అమ్మ లెక్కలో అవి ముప్పై నిమిషాలు, తిడుతూనే ఉంటుంది.

ఆ కాసేపట్లో నా ఆరోగ్యం, పిల్లల సంగతి రెండు మాటల్లో తేల్చేసి, అసలు విషయానికి వస్తుంది. ఆ చిన్న కోడలు నగలు ఎక్కడ దాచింది, పెద్దామెకు ఎట్లా తెలిసింది, డాక్టరు వేషంలో వచ్చిందెవరు. నేను ఒక్క ఎపిసోడ్ చూడలేదు. అయినా అందరి పేర్లూ తెలుసు. మధ్యలో అడుగుతుంటాను, "మరి ఆమె మొగుడు ఏమన్నడే?" అని. అమ్మకు ఆ ప్రశ్న కావాలి.

నిన్న కూడా చేశాను. కరెంటు పోయి పావుగంట చూడలేదట. అయినా కథ ఎక్కడా తెగకుండా చెప్పింది, ఒక ఏడుపు, ఒక చెంపదెబ్బ కూడా కలిపి. "కరెంటు పోయింది గదా, ఇదంతా ఎట్ల చూసినవే?" అన్నాను.

"చూసుడెందుకు, అయ్యేది గదేనాయె" అంది. ఆ వెంటనే, "ఆఁ, మొదలైంది. పెట్టెయ్, మళ్ల యాడ్ల చెయ్యి."